మూడు మిల్లీమీటర్ల అవతల

మంజునాథ్ ప్రెస్సులోకి వచ్చాడే గానీ కుర్చీ చూపించినా కూర్చోలేదు. "మీ అమ్మగారి పుస్తకం ఇవాళ అచ్చుకు పంపలేను సార్" అని పొద్దున హరిణి ఫోనులో చెప్పిన మాట, బెంగుళూరు కాటన్‌పేటలోని పట్టు అంగడి నుంచి అతణ్ణి ఉన్నపళంగా లేపి తీసుకొచ్చింది. ఆదివారం దొడ్డబళ్ళాపురంలో సభ. పిలుపులు కూడా అయిపోయాయి. పుస్తకం మాత్రం ఇంకా కంప్యూటర్లోనే ఉంది.

ఆ పుస్తకం అతడి తల్లి వెంకటలక్ష్మి గురించి. నూలు చుట్టడం, కండెలు పట్టడం ఆడవాళ్ళ వంతు, మగ్గం గుంటలో దిగడం మగవాళ్ళ వంతు అని చెల్లుబాటయిన రోజుల్లో, యాభై ఏళ్ళ కిందట, దొడ్డబళ్ళాపురంలో పది మంది ఆడవాళ్ళను కూడగట్టి ఒక రేకుల షెడ్డులో పది మగ్గాలు వేయించిన మనిషి ఆమె. రాళ్ళు పడ్డాయి, తాళాలు పడ్డాయి, షెడ్డు మాత్రం మూతపడలేదు. ఆమె పోయి మూడేళ్ళయింది. ఇప్పటికీ ఆ షెడ్డులో మగ్గాల చప్పుడు వినిపిస్తూనే ఉంది. మంజునాథ్ కొడుకు చైతు తన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, సెలవులన్నీ నాయనమ్మకే ఇచ్చి, ఒక్కో పేజీ కట్టి ఈ పుస్తకాన్ని తయారు చేశాడు.

హరిణిది నంద్యాల. మడివాళలో పీజీ హాస్టల్లో ఉంటుంది. మహబూబ్ బాషా ప్రెస్సుకు వచ్చిన ప్రతి ఫైలునూ మిషను ఎక్కకముందు సరిచూడటం ఆమె ఉద్యోగం. కొలతలు చూస్తే చాలు, పుస్తకం చదవక్కర్లేదు. కానీ వెంకటలక్ష్మి పుస్తకాన్ని ఆమె మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివింది. చదివాకే అచ్చు ఆపింది.

"నేను చూసినా కదమ్మా, అంతా సక్కంగానే ఉండాది. మా వాడు కొలత పెట్టి చేసినాడు. ఇంగేమి తప్పు?" అన్నాడు మంజునాథ్.

"తప్పు అనను సార్. చైతు గారు చాలా బాగా చేశారు. పేజీ సైజ్ కరెక్ట్, అక్షరాలు కరెక్ట్. కానీ కవర్ మీద ఫోటో సరిగ్గా పేజీ అంచు దగ్గరే ఆగిపోయింది. బ్లీడ్ లేదు."

"బ్లీడంటే రక్తం కదప్పా?" అన్నాడు మంజునాథ్ బాషా వైపు తిరిగి.

బాషా నవ్వాడు. "ఇది రంగు సార్. రక్తం కాదు. ఆ పిల్ల చూపిస్తాది, పోండి."

హరిణి అతణ్ణి కటింగ్ మిషను దగ్గరికి తీసుకెళ్ళింది. ఏదో బడి పత్రిక అట్టలు కట్టగా పేర్చి ఉన్నాయి. కత్తి దిగింది. హరిణి ఆ కట్టలోంచి రెండు అట్టలు తీసి అతడి చేతిలో పెట్టింది. ఒకదాని అంచు నిండుగా నీలంగా ఉంది. రెండోదాని అంచున దారప్పోగంత తెల్లగీత.

"కట్ట మీద కత్తి దిగేటప్పుడు కాగితం వెంట్రుకవాసి జరుగుతుంది సార్. ఎంత మంచి మిషనైనా అంతే. బొమ్మ అంచు దగ్గరే ఆగిపోతే, జరిగిన చోట తెల్ల కాగితం బయటపడుతుంది. అందుకే బొమ్మను పేజీ కొలత దాటించి ఇంకో మూడు మిల్లీమీటర్లు అవతలికి పోనిస్తాం. ఆ ఎక్కువ భాగం కత్తికి పోతుంది. పోవడానికే పెడతాం."

మంజునాథ్ రెండు అట్టలనూ వెలుగులో పెట్టి చూశాడు. ముప్పై ఏళ్ళుగా బట్టల అంచులు చూసిన కళ్ళు అవి. "కుట్టుకు గుడ్డ వదిలినట్ల" అన్నాడు.

"అంతే సార్!" హరిణి మొహం వెలిగింది. ఇంత తొందరగా ఎవరూ పట్టుకోలేదు.

"అయితే ఆ ఫోటోను స్వల్ప పెద్దది చెయ్. సరిపాయె కదా."

హరిణి అతణ్ణి తన బల్ల దగ్గరికి పిలిచి, తెర మీద కవర్ తెరిచింది. రేకుల షెడ్డు ముందు వరసగా నిలబడ్డ ఆడవాళ్ళు. కుడిచివర వెంకటలక్ష్మి. జరీ అంచు చీర, నిటారుగా ఎత్తిన తల. ఒక చెయ్యి పక్కకు చాపి ఉంది. ఆ చెయ్యి మణికట్టు దాకా కనిపించి, అక్కడ ఫోటో అయిపోయింది.

"పెద్దది చేస్తే కత్తి ఇక్కడ పడుతుంది సార్." హరిణి వేలు గాజుల మీద ఆగింది.

మంజునాథ్ చప్పున చూపు తిప్పుకున్నాడు. తర్వాత మళ్ళీ చూశాడు. "వద్దులే" అన్నాడు మెల్లగా.

"చైతు గారితో పొద్దున మాట్లాడాను. అంచు అవతలి భాగాన్ని ఏఐతో గీయించేద్దామా అన్నారు. ప్రయత్నించి చూశాను." ఆమె ఇంకో బొమ్మ తెరిచింది. అందులో వెంకటలక్ష్మి చెయ్యి పూర్తిగా ఉంది. వేళ్ళు నాజూగ్గా ఉన్నాయి. ఆ వేళ్ళకు ఓ పూలసజ్జ వేలాడుతోంది. "కంప్యూటర్ చక్కగానే గీసింది సార్. చూసినవాళ్ళు కనిపెట్టలేరు కూడా. కానీ ఇది మీ అమ్మగారి చెయ్యి కాదు. ఆ రోజు ఆమె చేతిలో ఏముందో దీనికెట్లా తెలుస్తుంది?"

మంజునాథ్ అప్పుడు కూర్చున్నాడు. చాలాసేపు ఆ పూలసజ్జను చూస్తూ ఉండిపోయాడు. "పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ పటాన్ని చూస్తాండా. అమ్మ చెయ్యి యాడికి పోతాండాదని ఒక్కనాడూ అనుకోలే" అన్నాడు.

"అసలు ఫోటో మీ ఇంట్లోనే ఉందా?"

"హాల్లో గోడకే ఉండాది. మా వాడు ఫ్రేము విప్పకుండానే స్టూడియోలో కాపీ తీయించినాడు."

"నేను అదే అనుకున్నాను. ఇక్కడ అంచున సన్నటి నీడ ఉంది చూడండి. పటం కట్టేటప్పుడు ఫోటో చుట్టూ పెట్టే దళసరి అట్ట నీడ అది. ఫోటో ఇక్కడ అయిపోలేదు సార్. అట్ట కింద ఇంకా ఉంది. మూడు మిల్లీమీటర్లు దొరికినా నాకు చాలు."

వింటున్న బాషా లేచాడు. ప్రెస్సులో ఉన్న స్కానరు తీగలు ఊడదీసి, తువ్వాల్లో చుట్టి, ఆటోలో తనే పెట్టించాడు.

*

అంగడి మీద మేడే మంజునాథ్ ఇల్లు. మెట్లెక్కి లోపలికి అడుగుపెడుతూనే పచ్చి అనపగింజల వాసన. హాల్లో, పటం కిందనే, నేల మీద కూర్చుని ఒక పెద్దావిడ నానిన గింజలను రెండు వేళ్ళ మధ్య పట్టి పితుకుతోంది. పొట్టు ఒక పక్క, పప్పు ఒక పక్క. డెబ్బై దాటిన ఆ చేతుల్లో తొట్రుపాటు లేదు.

"మా అత్త, అలివేలు. నాయనకు చెల్లెలు. నన్ను పెంచింది ఈమే" అన్నాడు మంజునాథ్.

హరిణికి పుస్తకంలోని వాక్యం గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ళకే భర్త పోయి, అన్న ఇంటికి వచ్చి, ఇక్కడే ఉండిపోయిన ఆడబిడ్డ. రెండువందల పేజీల్లో ఆమెకు ఒక్కటే వాక్యం.

"ఎవురప్పా ఈ పిల్ల?"

"ప్రెస్సు నుంచి వచ్చింది అత్తా. అమ్మ పుస్తకానికి ఈ ఫోటో మళ్ళీ తీయాలంట. పటం దించి, విప్పి, కాపీ తీసుకుంటాది."

గింజలు పితికే చేతులు ఆగిపోయాయి. "పటం దించద్దు."

"స్వల్పసేపే అత్తా, మళ్ళీ తగిలించేస్తాం."

"దించద్దు అంటి కదా! మీ నాయన కట్టించి తెచ్చిన పటం అది. తెచ్చిన పొద్దు నుంచీ తుడిచేది నేను, పూలు పెట్టేది నేను. ఇన్నేండ్లు లేనిది ఇప్పుడెందుకు విప్పేది? పుస్తకం లేకుంటే మీ అమ్మ పేరు నిలబడదా?"

మంజునాథ్ నిర్ఘాంతపోయాడు. యాభై ఐదేళ్ళలో అత్త గొంతు పెరగడం అతడు వినలేదు. స్కానరు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయిన హరిణి వైపు చూసి, ఇక లాభం లేదన్నట్టు తలూపాడు.

హరిణి స్కానరు కింద పెట్టింది. పెద్దావిడకు ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అవ్వా, ఎందుకు కావాలో చెప్తాను. విన్నాక కూడా వద్దంటే లేచి వెళ్ళిపోతాను."

అలివేలు ఆమె వైపు చూడలేదు. అలాగని వద్దనీ అనలేదు.

సంచిలోంచి కవర్ నమూనా తీసి, హరిణి కుడి అంచు దగ్గర సన్నగా మడత పెట్టింది. "పుస్తకం కట్టాక మూడు పక్కలా కత్తి పడుతుంది. ఇప్పుడున్న ఫోటోతో అచ్చేస్తే ఇక్కడ తెల్లగీత వస్తుంది. రాకుండా చేయాలంటే ఈ చెయ్యి ఇక్కడికి తెగిపోతుంది."

"తెగితే తెగనీ. కాగితమే కదా."

"కాగితమే అవ్వా. కానీ ఆ చేత్తోనే కదా ఆమె షెడ్డు తాళం పగలగొట్టింది. పుస్తకంలో చదివాను. ఆ చెయ్యి తెగ్గోసిన పుస్తకాన్ని ఆమె షెడ్డులోకే తీసుకుపోయి, అక్కడ మగ్గం నేసేవాళ్ళ చేతుల్లో పెట్టాలంటే నాకు మనసొప్పడం లేదు. కంప్యూటర్‌తో దొంగ చెయ్యి గీయొచ్చు. అది ఇంకా తప్పనిపించింది."

అలివేలు కవర్ నమూనా అందుకుంది. తడి వేళ్ళు ఫోటోకు తగలకుండా అంచులు పట్టుకుని, మణికట్టు దగ్గర తెగిపోయిన ఆ చెయ్యిని చూస్తూ ఉండిపోయింది.

"నువ్వు పుస్తకమంతా చదివినావా?"

"చదివాను."

"ఎవురన్నా చదవమనిరా?"

"లేదవ్వా. నాకే చదవాలనిపించింది."

"అందులో నేనుండానా?"

హరిణి మంజునాథ్ వైపు ఒకసారి చూసింది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "ఒక వాక్యంలో ఉన్నారు."

"ఏమని?"

"'ఇరవై ఏళ్ళకే భర్త పోయి అన్న ఇంటికి వచ్చిన ఆడబిడ్డ అలివేలు ఇంటి పనుల్లో ఆమెకు చేదోడువాదోడుగా ఉండేది' అని."

పెద్దావిడ నవ్వింది. ఎగతాళి లేదు, కోపం లేదు. ఎక్కడో చాలా లోపలి నుంచి వచ్చిన నవ్వు. కొంగుతో చేతులు తుడుచుకుని, మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"దించప్పా మంజూ. ఇన్నేండ్లు కావలి కాసింది చాలు."

*

మేకులు తుప్పు పట్టి ఉన్నాయి. మంజునాథ్ పటకారుతో ఒక్కొక్కటే పీకాడు. వెనకాల అంటించిన పాత కన్నడ పేపరు ముట్టుకుంటే పొడి అయింది. చెక్క పలక తీశాక హరిణి తన చేతులు శుభ్రంగా తుడుచుకుని, ఫోటోనూ ముందున్న దళసరి అట్టనూ కలిపి బయటికి తీసింది. అప్పుడు గమనించింది. అట్ట మూడు పక్కలా సన్నగా ఉంది. కుడిపక్క మాత్రం రెండు వేళ్ళ వెడల్పు.

చాకు మొనతో అట్టను పైకెత్తింది.

వెంకటలక్ష్మి చెయ్యి పూర్తిగా బయటపడింది. ఆ చేతిలో నాడె ఉంది. మగ్గం మీద పేక దారాన్ని అటూ ఇటూ పరుగులు తీయించే కొయ్య నాడె. దాని రెండో కొసను ఇంకో చెయ్యి పట్టుకుని ఉంది. ఆ చెయ్యి ఒక పడుచుదానిది. సన్నటి మొహం, పెద్ద కళ్ళు. తక్కినవాళ్ళంతా కెమెరాకు భయపడి బిగుసుకుపోయి ఉంటే, ఆమె ఒక్కతే నోరారా నవ్వుతోంది. తల్లో మల్లెపూలు. నుదుట నిండుగా బొట్టు.

మూడు మిల్లీమీటర్ల కోసం వచ్చిన హరిణి అట్టను మెల్లగా పక్కన పెట్టేసింది. మంజునాథ్ ఫోటో వైపు, అత్త వైపు, మళ్ళీ ఫోటో వైపు చూశాడు. బొట్టు లేని, పూలు లేని మొహమే అతడికి తెలిసిన అత్త మొహం. అయినా ఆ కళ్ళను పోల్చుకోవడానికి అతడికి ఎంతోసేపు పట్టలేదు.

"అత్తా... ఇది నువ్వు."

"నేనే."

ఆమె మళ్ళీ గింజల ముందు కూర్చుంది. చేతులకు పని ఉంటేనే ఆ మాటలు వచ్చేట్టున్నాయి.

"మీ అమ్మకు మగ్గం తెలీదప్పా. ఆమెకు ధైర్యం తెలుసు. మగ్గం నాకు తెలుసు. మా అన్న మగ్గం నేర్చుకోలే, అంగడి అంగడి అని బెంగుళూరుకు వచ్చేసినాడు. అందుకని మా నాయన తలుపేసుకుని నాకు నేర్పించినాడు. ఆ సంగతి తెలిసింది మీ అమ్మకొకదానికే. మొగుడు పోయినాంక నేను మూలకు కూచుంటే, 'నీకు తెలిసిన పని పది మందికి చెప్పు అలివేలూ, మిగిలిందంతా నేను చూసుకుంటా' అనె. ఆ పది మందికీ పడుగు కట్టేది, నాడె ఇసిరేది నేనే నేర్పించినా."

"నాకెప్పుడూ చెప్పలేదే!" అన్నాడు మంజునాథ్.

"విను. షెడ్డు తెరిచే పొద్దు తెల్లారేసరికే మీ అమ్మ నన్ను కూచోబెట్టి తల దువ్వింది. పూలు పెట్టింది. బొట్టు పెట్టింది. వద్దొదినె, ఊరు నవ్వుతాదంటి. 'నవ్వనీ. బోసి మొగంతో మగ్గం ముందర కూచుంటే నేసే గుడ్డకు కళ యాడినుంచి వస్తాది?' అనె. నాడె తెచ్చి ఒక కొస నా చేతికిచ్చి, ఒక కొస తాను పట్టుకునె. అప్పుడు తీసిన ఫోటో అది."

హరిణి కళ్ళు చెమర్చాయి. రెండువందల పేజీలు చదివి వెంకటలక్ష్మి ఎంత పెద్ద మనిషో తనకు తెలిసిపోయిందనుకుంది. అలివేలు చెప్పిన ఆ ఒక్క ఉదయం ముందు ఆ పేజీలన్నీ చిన్నవైపోయాయి.

"మళ్ళా వారానికి మా అన్న పటం కట్టించి తెచ్చి గోడకు తగిలించినాడు. చూస్తే నేను లేను. ముండమోసిన చెల్లెలు పూలు పెట్టుకునె అని నలుగురూ అంటారని దాచేసినాడనుకున్నా. ఆయన చెప్పలే, నేను అడగలే. మీ అమ్మ మాత్రం పటం దించి విప్పేదానికి పోయె. నేనే కాళ్ళు పట్టుకున్నా. అన్నకు కోపమొచ్చి షెడ్డు మూసేస్తే? పది ఇండ్లలో పొయ్యి ఎలగాల. నా మొగం కోసరం అది ఆగిపోకూడదు. అప్పుడు మీ అమ్మ ఒక మాట చెప్పింది. 'కోసింది అట్టను అలివేలూ, ఫోటోను కాదు. నువ్వు లోపలే ఉండావు' అని. ఆ మాటతోనే బతికినా."

మంజునాథ్ వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. "నాయన ఇంత పని చేసినాడా?"

"పోయినోడిని ఏమీ అనద్దు. పోయేదాకా ఆయనకు అన్నం పెట్టింది నేనే. ముల్లు మాత్రం ఒకటి లోపల ఉండిపాయె."

కింద వీధిలో లారీలోంచి బేళ్ళు దించుతున్న అరుపులు వినిపిస్తున్నాయి. మంజునాథ్ అత్త చేతిని, తడిపొట్టు అంటుకున్న ఆ వేళ్ళను, రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"అత్తా, ఈ ఫోటో కవర్ మింద వేస్తా. ఇట్లనే. పూలతో, బొట్టుతో."

"ఊరు ఏమంటాదో!"

"అమ్మ ఏమనిందో ఇప్పుడే చెప్తివి కదా. నవ్వనీ."

*

ఆ సాయంత్రం చైతు ఆఫీసు నుంచి నేరుగా ప్రెస్సుకు వచ్చాడు. హరిణి చూపించిన ఫోటోను వంగి చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుని, "నేను చేసిందంతా విప్పి మొదటి నుంచి చెప్పండి" అన్నాడు. ఆ అడగడంలో నామోషీ లేదు. నాయనమ్మ మనవడే అనుకుంది హరిణి.

ఆమె కొత్త ఫైలు తెరిచింది. పేజీ కొలత వేసింది. దాని చుట్టూ, అవతలగా, మూడు మిల్లీమీటర్ల దూరంలో ఎర్రగీత గీసింది. లోపలగా ఇంకో గీత గీసింది. "మొహాలు, అక్షరాలు ఈ లోపలి గీత దాటకూడదు. రంగు, గోడ, ఆకాశం ఆ ఎర్రగీత దాకా పోవాలి. కత్తి ఈ రెండింటి మధ్యలో ఎక్కడ పడినా మనకు భయం లేదు" అంది. ఫోటోను కాస్త చిన్నది చేసి, ఎడమకు జరిపింది. అలివేలు మొహం లోపలి గీతకు ఇవతల క్షేమంగా నిలిచింది. ఆమె వెనకున్న షెడ్డు గోడ అంచు దాటి ఎర్రగీతను తాకింది.

లోపల నిండుపేజీ ఫోటోలు ఇంకా ఉన్నాయి. వాటన్నిటికీ అదే పని. చైతు తన దగ్గరున్న అసలు బొమ్మలు తెరిచి ఇస్తుంటే, హరిణి ఒక్కో దాన్నీ అంచు దాటించింది. ఎక్కడా ఎవరి చెయ్యీ, ఎవరి కొంగూ తెగకుండా చూసింది. గోడ గడియారం చూడకుండా, ఎవరి మెప్పూ కోరకుండా చేస్తున్న ఆ పనిని బాషా దూరం నుంచి చూస్తూ, "ఇట్లాంటి పిల్ల దొరికేది మన అదృష్టం" అని మంజునాథ్ చెవిలో అన్నాడు. మంజునాథ్ అప్పటికే ఆ మాట అనుకున్నాడు.

చివరగా చైతు ఆ ఒక్క వాక్యం ఉన్న పేజీ తెరిచాడు. వాక్యాన్ని తుడిచేశాడు. అలివేలు చెప్పిన మాటలను తండ్రి నోటి నుంచి విని, ఆ చోట రాయడం మొదలుపెట్టాడు. ఒక పేజీ రెండయింది, రెండు నాలుగయ్యాయి.

*

మర్నాడు మొదటి కవర్ కోతకు వచ్చేసరికి అలివేలు కూడా ప్రెస్సులో ఉంది. మంజునాథ్ బతిమాలి తీసుకొచ్చాడు. బాషా తనే మిషను దగ్గర నిలబడ్డాడు. కత్తి దిగి లేచింది. హరిణి కవర్ తీసి, అంచులన్నీ వేలితో తడిమి చూసి, పెద్దావిడ చేతికిచ్చింది. ఎక్కడా తెల్లగీత లేదు. రెండు చేతుల మధ్య నాడె నిండుగా కనిపిస్తోంది.

అలివేలు కవర్ మీది పడుచుదాన్ని చూసింది. "ఎంత నవ్వినానో చూడు!" అంది, ఎవరో పరాయి పిల్లను చూసి ముచ్చటపడుతున్నట్టు.

సరిగ్గా అప్పుడే వీధిలో కారు ఆగింది. దొడ్డబళ్ళాపురం నేతగాళ్ళ సంఘానికి పెద్ద, మునినారాయణప్ప, ఊతకర్ర పట్టుకుని దిగాడు. ఆదివారం పుస్తకం విడుదల చేయాల్సింది ఆయనే. కవర్ ఎట్లా వచ్చిందో ఒకసారి చూసి పోదామని వచ్చాడు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. మంజునాథ్ ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు, కవర్ చేతిలో పెట్టాడు.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. కర్ర చేతిలోంచి జారి నేల మీద పడింది.

"ఆ పటాన్ని ఎవురప్పా విప్పింది?"

"మేమే విప్పినాం మామా" అన్నాడు మంజునాథ్. "మా నాయన దాచిపెట్టిన మనిషిని బయటికి తెచ్చినాం. ఊళ్ళో ఎవురేమనుకున్నా సరే, ఈ కవర్ మారేది లేదు."

"మీ నాయన దాచలే." అన్నాడు ముసలాయన. "ఆయన మింద నింద ఎయ్యద్దు. అప్పుడు మా ఊళ్ళో పటాలు కట్టే అంగడి నాది. ఆ అట్ట కోసింది నేను. ఫోటో అంచు చెడిపోయిందని మీ నాయనకు అబద్ధం చెప్పినా. ఆయన నమ్మినాడు."

మిషను పక్కన స్టూలు మీద కూర్చున్న అలివేలు మెల్లగా లేచింది. ఆమె అక్కడుందని ఆయన అప్పుడే చూశాడు. యాభై ఏళ్ళు అన్న మీద మోసిన కోపం ఎక్కడ దించాలో తెలియని మొహంతో ఆమె ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"నువ్వా?" అంది. "నీకు నేనేమి చేసినా మునీ?"

మునినారాయణప్ప ఆమె మొహంలోకి, బోసి నుదుటి వంక చూశాడు. కవర్ మీది పడుచుదాని బొట్టును వేలితో తాకి, ఆ వేలిని తన గుండె మీద పెట్టుకున్నాడు.

"ఊరికి జడిసి దాచినా అలివేలూ. అయితే ఆ పొద్దు నీకు ఎవురి పేరు మింద బొట్టు పెట్టిందో, వెంకటలక్ష్మక్క నీకు చెప్పనే లేదా?" అన్నాడు.